చివరి మడి కట్టుబాట్లు

లింగమూర్తికి మూడు నెలలుగా అన్నం సహించడం లేదు. పక్కూరి ఆర్.ఎం.పి. డాక్టరు గ్యాసు అన్నాడు. ఆకుపసర్ల ముసలాయన పైత్యం అన్నాడు. లింగమూర్తి తనంతట తాను వైరాగ్యం అన్నాడు. దొడ్లకుంట ఊళ్లో మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. ఆ జబ్బు పేరు ఉశేనమ్మ అని అందరికీ తెలుసు.

ప్రేమ అనుకునేరు. ఆయనకి అంత అదృష్టం లేదు. అది ఈర్ష్య.

కంబగిరి తాత ఆశ్రమంలో లింగమూర్తి పంతొమ్మిదేళ్లుగా శిష్యుడు. పెళ్లి కుదరక ఆశ్రమానికి వచ్చాడా, ఆశ్రమానికి వచ్చాక పెళ్లి కుదరలేదా అన్నది ఊళ్లో ఇంకా తేలలేదు. తత్వాలు మూడు వందల దాకా నోటికి వచ్చు. చేతిరాత ముత్యాలు. ఊళ్లో అర్జీ రాయాలన్నా, పెళ్లి పత్రిక రాయాలన్నా ఆయన దగ్గరికే వస్తారు. గురువు కుడిపక్క గోనెపట్టా మీద కూర్చోవడం ఆయన హక్కు. అది ఎవరూ ఇచ్చింది కాదు, అందువల్ల ఎవరూ తీసుకోలేరని ఆయన నమ్మకం.

ఉశేనమ్మ శివరాత్రి వెళ్లాక వచ్చింది. చెరువు నీరుగంటి కదిరప్ప కూతురు. నీరుగంటి అంటే తూము తీసి, కాలువ వెంట నడిచి, ఏ మడికి ఎంత నీళ్లో చూసి వదిలేవాడు. కదిరప్పకి కొడుకులు లేరు. ఆయన పోయాక తూము ఎవరు తీయాలో ఊరు ఆలోచిస్తూ ఉండగానే ఉశేనమ్మ వెళ్లి తీసింది. ఊరు ఆలోచించడం మానేసింది. పనయితే అవుతోంది కదా. తూము తాళం మాత్రం గురువు దగ్గర ఉండేది. ఆమె పొద్దున్నే వచ్చి తీసుకుని, పని కాగానే తెచ్చి ఇచ్చేది.

మొదట్లో గడప దగ్గర కూర్చునేది. తర్వాత లోపల. ఒకరోజు గురువు చెరువులో నీటిమట్టం గురించి ఆమెని ఏదో అడుగుతూ, వినబడక, లింగమూర్తి వైపు తిరిగి, "కొంచెం జరుగు నాయనా" అన్నాడు.

లింగమూర్తి జరిగాడు. జరిగింది జానెడు. డాక్టరుకి దొరకని గ్యాసు ఆ జానెడులోనే పుట్టింది.

అప్పటినుంచీ ఆయన అన్నీ లెక్కపెట్టసాగాడు. గురువు ఆమెని "అమ్మా" అని ఎన్నిసార్లు పిలిచాడు, తనని "నాయనా" అని ఎన్నిసార్లు పిలిచాడు. ఒక మంగళవారం తొమ్మిది, నాలుగు. పైగా ఆ పిల్ల తనని "అన్నా" అని పిలుస్తుంది. ఊరంతా "సామీ" అంటుంటే ఆమెకి మాత్రం అన్న అయ్యాడు. ఆశ్రమంలో అందరూ అన్నాచెల్లెళ్లే అని మూడేళ్ల కిందట తానే ఒక తత్వానికి అర్థం చెప్పి ఉన్నాడు కాబట్టి, కాదనడానికి లేదు.

ఇలా ఉండగా తొలకరి వేళకి జీపులో ఒక ఇంజనీరు వచ్చాడు. చెరువుకి నీటి సంఘం ఉండాలని సర్కారు చెప్పిందన్నాడు. నీళ్ల కట్టుబాట్లు కాగితం మీద రాయాలి, రైతులందరూ ఒప్పుకోవాలి, తూము తాళం ఎవరి దగ్గర ఉంటుందో అందులోనే ఉండాలి. ఒప్పుకోవడానికి తలా ఒక చేయి ఎత్తాలి. ఆడైనా మగైనా, ఎకరం ఉన్నా ఎక్కువ ఉన్నా.

తూము కింద పద్ధెనిమిది ఎకరాలున్న సుంకిరెడ్డికి ఇది సరిగా వినబడలేదు.

"పద్ధెనిమిది ఎకరాలకీ ఒక్క చేయేనా సార్?"

"మీకు రెండు చేతులున్నా ఒక్కటే లెక్క" అన్నాడు ఇంజనీరు.

జీపు వెళ్లిపోయాక ఊరు తనలో తాను గొడవ పడింది. పడి పడి అలసి, చివరికి కంబగిరి తాత ఎలా రాయిస్తే అలా అంది. ఆయనకి పెళ్లాం పిల్లలు లేరు, కాబట్టి ఎవరి వైపూ ఉండడని ధైర్యం.

గురువు లింగమూర్తిని చూశాడు. "నువ్వు రాయి నాయనా" అన్నాడు.

లింగమూర్తి ప్రాణం లేచి వచ్చింది.

"అమ్మని అడిగి రాయి" అన్నాడు గురువు.

లేచిన ప్రాణం మళ్లీ కూర్చుంది.

లింగమూర్తి అడగలేదు. అడిగితే ఆమెకి తెలిసినట్టు అవుతుంది. ఆమెకి తెలిసినట్టయితే తాళం ఆమెకే రాసిపెట్టినట్టు అవుతుంది. తాళం ఎవరి దగ్గరుంటే ఊరు వాళ్ల గుమ్మంలో నిలబడుతుంది. పంతొమ్మిదేళ్లు గురువు కాళ్ల దగ్గర కూర్చున్నవాడు ఉండగా, మూడు నెలల పిల్ల గుమ్మంలో ఊరు నిలబడటమా.

మూడు రోజులు తలుపు వేసుకుని రాశాడు. శీర్షిక ఎర్ర సిరాతో, మిగతాది నీలి సిరాతో. నాలుగో రోజు ఉదయం పందిరి కింద గురువుకి చదివి వినిపించాడు. ఉశేనమ్మ ఒక పక్కన కూర్చుని చాటలో కొర్రలు చెరుగుతోంది.

"ఒకటి. నీటి వంతు తూము దగ్గరి మడితో మొదలై వరసగా కిందికి పోవలెను.

"రెండు. ఏ మడికైనా నిండేదాకా నీరు పెట్టుకొనవచ్చును.

"మూడు. పాసుపుస్తకంలో పేరున్న వారికే వంతు.

"నాలుగు. తూము తాళం చదువు వచ్చిన మగవారి వద్ద ఉండవలెను."

నాలుగోది చదివేటప్పుడు ఆయన చాట వైపు చూడలేదు. ఎంత జాగ్రత్తగా చూడలేదంటే, మెడ పట్టేసింది.

గురువు కాగితం తీసుకుని చూశాడు. "రాత బాగుంది" అన్నాడు.

"న్యాయంగా ఉందా స్వామీ?"

"అమ్మా, నువ్వేమంటావు?"

ఉశేనమ్మ చాట దించింది. "నాలుగోదాంట్లో నేను లేను తాతా, నాకు చదువు రాదు. మూడోదాంట్లో మా నాయన పేరుంది, నాయన లేడు. రెండోదాంట్లో మా మడికొచ్చేసరికి నీళ్లు ఉండవు. మొదటిది బాగుంది. తూము పైనే ఉంది, నీళ్లు కిందికే పోతాయి."

మళ్లీ చాట ఎత్తింది.

లింగమూర్తి గొంతు తగ్గించాడు. "ఈర్ష్యతో మాట్లాడుతోంది స్వామీ."

గురువు కాగితాన్ని మడతపెట్టాడు. తర్వాత అన్నాడు: "తూము కింద ఆశ్రమం మడి ఎకరం నువ్వు చేస్తున్నావు. కాలువ చివర నీరుగంటి మాన్యం ఎకరం అమ్మ చేస్తోంది. రెండింటికీ నాట్లు పడ్డాయి. మూడు తడులు నీళ్లు పారేదాకా మడులు మార్చుకోండి. నీళ్లు ఈ కాగితం ప్రకారమే పోనీ. చదువు వచ్చిన మగవాడివి, తాళం నీ దగ్గర పెట్టుకో."

మొలతాడుకి ఉన్న తాళంచెవి విప్పి, కాగితంతో పాటు లింగమూర్తి చేతిలో పెట్టాడు.

ఆ రోజు లింగమూర్తి సంతోషపడాలో ఏడవాలో తేల్చుకోలేకపోయాడు. తాళం వచ్చింది. తూము కింది మడి, గట్టున పడుకున్నా పండే మడి, ఆమెకి పోయింది. చేతిలో బరువు ఒకటి, కడుపులో బరువు ఒకటి. రాత్రికి మజ్జిగ అన్నం సగమే తిన్నాడు.

మొదటి తడి రోజున తాళంచెవి అందరికీ కనబడేలా చొక్కా పైన కట్టుకుని ఊరి మధ్యలోంచి నడిచాడు. చెరువు కట్టకి దగ్గర దారి వేరే ఉంది. తూము తీశాడు. నీళ్లు ఉరికాయి. నీళ్లతో పాటే కాలువ వెంట నడిచి, మైలున్నర దూరంలో చివరి మడికి చేరాడు. నీళ్లు చేరలేదు.

సాయంత్రం దాకా కూర్చున్నాడు. మర్నాడు కూడా కూర్చున్నాడు. కాలువలో ఆయన కాళ్ల గుర్తులు తప్ప వేరే తడి లేదు. ఆ గుర్తులు కూడా మధ్యాహ్నానికి ఆరిపోయాయి.

మూడో రోజు సుంకిరెడ్డి పొలానికి వెళ్లాడు. కాలువలో నీళ్లన్నీ గట్టుకి కొట్టిన మడవలోంచి రెడ్డి మళ్లలోకి వెళుతున్నాయి. రెడ్డి గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చున్నాడు.

"రెడ్డీ, ఇంక మడవ కట్టు. కింద ఎండుతోంది."

"రెండో కట్టుబాటు సామీ. నిండేదాకా."

"మోకాటి లోతు ఉంది కదా."

"నిండడం అంటే ఎంతో మీరు రాయలేదు." రెడ్డి లేచి, పక్కకి జరిగి, గొడుగు నీడలో చోటు ఇచ్చాడు. "కూర్చోండి. మంచి కాగితం రాశారు సామీ. మా నాయన బతికుండగా ఇలాంటిది లేకపోయింది."

అక్కడినించి ఇంకా కిందికి వెళితే రెడ్డి మళ్లు దాటి కారిన కాసిని నీళ్లకి ఒకాయన కాలువలో అడ్డకట్ట వేస్తూ కనిపించాడు. కిందికి వదలమని అడిగితే, పార పక్కన పెట్టి చాలా మర్యాదగా అడిగాడు: "ఆ మడి పాసుపుస్తకం ఎవరి పేరు మీదుంది సామీ?"

"కదిరప్ప పేరు మీద."

"ఆయన్ని పంపండి, వదులుతా."

"ఆయన పోయాడు కదయ్యా."

"నేనూ అందుకే అంటున్నా" అన్నాడాయన.

తూము కింది ఆశ్రమం మడి పాసుపుస్తకం తాతకి గురువైన పెద్దగురువు పేరు మీదుందని, పెద్దగురువు సమాధిలోకి వెళ్లి నలభై ఏళ్లయిందని లింగమూర్తికి అప్పుడే గుర్తొచ్చింది. ఆ మడికి ఇన్నాళ్లూ వంతు ఎవరూ ఆపలేదు. పై మడి వాడి పుస్తకం ఎవరడుగుతారు.

తాళంచెవి చొక్కా పైనే వేలాడుతోంది. తూముకి తాళం ఉంది. మడవలకి లేదు.

రెండో తడికి చివరి మడిలో వరి కొసలు పసుపు తిరిగాయి. లింగమూర్తి ఈసారి ఏ రైతునీ అడగలేదు. నేరుగా తూము కిందికి వెళ్లాడు. వెళ్లింది నీళ్ల కోసమే అయినా, ముందు కళ్లు మడి మీద పడ్డాయి. తన మడి. నల్లగా, దుబ్బుగా, నీళ్లలో నిలబడి ఉంది. ఇన్నాళ్లూ మనిషిని చూసి ఏడ్చినవాడు, ఆ రోజు వరిని చూసి ఏడ్చాడు. దీన్ని ఊళ్లో కొంతమంది సాధనలో ముందడుగుగానే లెక్కవేశారు.

ఉశేనమ్మ గట్టు మీద కూర్చుని ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటోంది.

"అమ్మాయ్, మడవ కట్టు."

"రెండో కట్టుబాటన్నా."

"నువ్వు కూడానా? ఆ మడి నీది. అక్కడ ఎట్లుంటుందో నీకు తెలీదా?"

"తెలుసు." ఆమె ఒక గుప్పెడు కాయలు ఆయన చేతిలో పోసింది. "మొదటి తడికి గుర్తొచ్చింది. లేచి మడవ కడదామనుకున్నా. రెండో తడికి గుర్తే రాలేదు. తూము కింద మడి ఉంటే నిద్ర బాగా పడుతుందన్నా. పంతొమ్మిదేళ్లు మీరెట్లా నిద్రపోయారో ఇప్పుడర్థమైంది."

లింగమూర్తికి కోపం రావాలి. వచ్చేది కూడా. కానీ ఆమె వెక్కిరించడం లేదు. తన మీద తానే ఫిర్యాదు చెప్పుకుంటున్నట్టు ఉంది. ఆయన గట్టు మీద కూర్చున్నాడు. కాయలు ఒలవడం మొదలుపెట్టాడు.

"నీరుగంటికి చివరి మడే ఎందుకిచ్చారు?" అని అడిగాడు. గురువు అడగమన్న రోజు అడగవలసిన మాట అది.

"ఊరి పెద్దలు ఒకటి చెప్పేవాళ్లు. నీరుగంటి మడి చివర ఉంటే, తన మడి తడవాలని వాడు ఊరంతా తడుపుతాడని. మా అవ్వ ఇంకొకటి చెప్పేది. ఎవరికీ అక్కర్లేని మడి మాకిచ్చారని."

"ఏది నిజం?"

"రెండూ అయ్యుంటాయి. ఏది నిజమైనా మడి అక్కడే ఉంది." ఆమె పొట్టు దులుపుకుని లేచింది. పారతో రెండు మట్టి పెళ్లలు వేసి మడవ కట్టింది. "మీరు అడిగారని కడుతున్నా. మీ కాగితం కట్టమనలేదు. సుంకిరెడ్డిని కూడా ఇట్లే అడిగి చూడండి."

చూశాడు. రెడ్డి గొడుగు నీడలో మళ్లీ చోటు ఇచ్చాడు.

మూడో తడి వేళకి లింగమూర్తి చివరి మడి గట్టు మీదే కాపురం పెట్టాడు. గడియారం చూసుకుంటూ కాలువ వెంట తిరిగి, ఎన్ని గంటలు నీళ్లొస్తే ఎకరం తడుస్తుందో మధ్యాహ్నం ఎండలో తుమ్మచెట్టు కింద అట్ట మీద లెక్క వేశాడు. గంటన్నర చాలు. సుంకిరెడ్డి ఎకరానికి పది గంటలు పెట్టుకుంటున్నాడు. ఆ లెక్క తేలిన రోజు ఆయన పాత కాగితం చింపేసి, కొత్తది మొదలుపెట్టాడు. ఎర్ర సిరా తెచ్చుకోలేదు.

వంతు కాలువ చివర మొదలై పైకి రావలెను. ఎకరానికి గంటన్నర, గడియారం చూసి. పుస్తకంలో పేరు ఎవరిదైనా, ఆ పంట ఎవరు చేస్తుంటే వారిదే వంతు.

నాలుగోది రాసేటప్పుడు కలం ఆపాడు. చాలాసేపు ఆలోచించాడు. తూముకి అందరికన్నా దూరంగా ఉన్న మడి ఎవరు చేస్తుంటారో, తాళం వారి వద్ద ఉండవలెను.

ఈ మాట న్యాయమైనదే. చివర ఉన్నవాడికి నీళ్లు చేరాలంటే దారిలో అందరి మళ్లనీ కనిపెట్టి చూడక తప్పదు. ఇంకొక సంగతి కూడా ఉంది. అందరికన్నా దూరంగా ఉన్న మడి ప్రస్తుతం చేస్తున్నది లింగమూర్తి. అందువల్ల చదువు, మగతనం అనే మాటలు ఈసారి అవసరం పడలేదు. దూరం ఒక్కటే చాలింది. న్యాయమూ తానూ ఒకే గట్టు మీద కూర్చోవడం ఆయనకి ఎంతో హాయిగా అనిపించింది. ఆ పూట అన్నం కూడా సహించింది.

సంఘం కూడిన రోజు పొద్దున్నే ఆశ్రమం పందిరి నిండింది. గురువు గోనెపట్టా మీద కూర్చున్నాడు. ఒక పక్క ఉశేనమ్మ. లింగమూర్తి లేచి నిలబడి, గొంతు సవరించుకుని, కొత్త కాగితం చదివాడు. కింది రైతులు తలలూపారు. పై రైతులు సుంకిరెడ్డి వైపు చూశారు.

సుంకిరెడ్డి లేవలేదు. కూర్చునే అడిగాడు.

"సామీ, మీ మడి పైనున్నప్పుడు పైవాళ్లకి బాగుండేలా రాశారు. కింద ఉన్నప్పుడు కిందివాళ్లకి బాగుండేలా రాశారు. రేపు మిమ్మల్ని చెరువు నడిమధ్యలో దించితే చేపలకి రాస్తారా?"

పందిరి కింద నవ్వు లేచింది. కింది రైతులు కూడా నవ్వారు. ఒకాయన నవ్వుతూ నవ్వుతూ, తాను కింది రైతునని గుర్తొచ్చి మధ్యలో ఆపేశాడు.

లింగమూర్తి కాగితం పట్టుకుని నిలబడ్డాడు. మూడు వందల తత్వాల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. రెడ్డి మాట అబద్ధమైతే బాగుండేది.

"అదీ గాక" అన్నాడు రెడ్డి, "తాళం ఎవరికి రాసుకున్నారో కూడా విన్నాం."

లింగమూర్తి గురువు వైపు చూశాడు. ఒక్క మాట సాయం వస్తుందేమోనని. గురువు అడిగాడు:

"మూడు తడులూ అయినాయా నాయనా?"

"నిన్నటితో అయినాయి స్వామీ."

"అయితే ఇంక ఎవరి మడి వాళ్లది. ఆశ్రమం మడి నువ్వు చేసుకో. మాన్యం అమ్మది." తర్వాత, అంతే నెమ్మదిగా: "ఇప్పుడు చదువు."

నవ్వు ఆగిపోయింది.

లింగమూర్తికి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. తర్వాత అర్థం కాకుండా ఉంటే బాగుండు అనిపించింది.

ఉశేనమ్మ వైపు చూశాడు. సగం ఎండిన మడి తిరిగి ఆమె చేతికి వెళుతోంది. ఆమె ముఖంలో ఏమీ లేదు. "ఆ మడి మూడో తడికి ఎప్పుడూ అట్లే ఉంటుందన్నా" అంది. "చదవండి."

కాగితం పైకెత్తాడు.

"ఒకటి. వంతు కాలువ చివర మొదలై పైకి రావలెను." ఇప్పుడు ఆయన మడి ఆఖరుది. కొత్త మాట చదువుతున్నట్టు ఒక్కొక్క మాటా విడివిడిగా పలికాడు.

"రెండు. ఎకరానికి గంటన్నర." పంతొమ్మిదేళ్లు ఆ మడి నీళ్లలో తేలింది. గంటన్నర తర్వాత మడవ కట్టాలి. కట్టకపోతే ఎవరో ఒకరు గడియారం పట్టుకుని వస్తారు. ఆ గడియారం చూడటం ఎలాగో ఊరికి నేర్పింది తానే.

"మూడు. పంట ఎవరు చేస్తుంటే వారిదే వంతు."

"నాలుగు" అని ఆగాడు.

చొక్కా జేబులో కలం ఉంది. నాలుగో వరసలో, 'మడి ఎవరు చేస్తుంటారో' అన్న చోట, ఒక్క మాట పట్టేంత ఖాళీ ఉంది. 'చదువు వచ్చిన' అని ఇరికించవచ్చు. తన రాత అంత సన్నగా వస్తుంది. ఎవరూ తప్పు పట్టరు. సుంకిరెడ్డి అయితే సంతోషిస్తాడు. తూము తాళం నీరుగంటి కూతురి దగ్గర ఉండటం కన్నా సామి దగ్గర ఉండటం మేలని ఊళ్లో సగం మంది ఇంటికి పోయి అనుకుంటారు.

గురువు పక్కన ఆమె కూర్చుని ఉంది. మధ్యలో ఆ జానెడు. ఆ జానెడు చూసినప్పుడల్లా కడుపులో లేచేది ఇప్పుడూ లేచింది. ఏమీ తగ్గలేదు. అది అక్కడే ఉంది.

కానీ దానితో పాటు ఇంకొకటి కూడా ఉంది. పసుపు తిరిగిన వరి కొసలు. తడిలేని కాలువలో తన కాళ్ల గుర్తులు. కదిరప్పని పంపండి అన్న పెద్దమనిషి మర్యాద.

"నాలుగు" అన్నాడు మళ్లీ. "తూముకి అందరికన్నా దూరంగా ఉన్న మడి ఎవరు చేస్తుంటారో, తాళం వారి వద్ద ఉండవలెను."

ఉన్నది ఉన్నట్టు చదివాడు. కలం జేబులోనే ఉంది.

పందిరి కింద అందరూ సుంకిరెడ్డి ఏమంటాడోనని చూస్తున్నారు. రెడ్డి ఏదో అనబోయి, గొడుగు సర్దుకున్నాడు. రాసినవాడికే నష్టమయ్యే కాగితం మీద నవ్వడం ఆయనకి ఇంతకు ముందు అలవాటు లేదు.

చేతులు లేచాయి. కింది రైతులవి ముందు, మధ్యవాళ్లవి తర్వాత. ఉశేనమ్మ చేయి వాళ్లతో పాటే లేచింది. అందరివీ లేచి తనదొక్కటే దిగి ఉంటే బాగుండదని సుంకిరెడ్డి కూడా ఎత్తాడు. పద్ధెనిమిది ఎకరాల చేయి. అక్కడున్న మిగతా చేతుల ఎత్తే ఉంది.

లింగమూర్తి తాళంచెవి కట్టుకున్న తాడు ముడి విప్పసాగాడు. మూడు తడుల చెమటకి ముడి బిగుసుకుపోయింది. ఎవరూ సాయం రాలేదు. ఆయన ఎవరినీ అడగలేదు. గోటితో లాగి, పంటితో లాగి, చివరికి విప్పి, తాళంచెవి తీసుకుని జానెడు దూరం జరిగి ఆమె ముందు పెట్టాడు.

ఉశేనమ్మ దాన్ని కొంగున ముడి వేసుకుంది.

"ఆశ్రమం మడికి వంతు శుక్రవారం అన్నా. సాయంత్రం నాలుగున్నరకి. గంటన్నర."

"సరేనమ్మా" అన్నాడు లింగమూర్తి.

గురువు చేయి చాచి కాగితం అడిగి తీసుకున్నాడు. చదవలేదు. మోకాలి మీద పరిచి, ముడతలు అరచేత్తో సాపు చేసి, మళ్లీ శిష్యుడికే ఇచ్చాడు.

"మొదటిసారి నువ్వు చదివింది నీ మడి నాయనా" అన్నాడు. "ఇప్పుడు చదివింది చట్టం. సంతకం పెట్టు."